పనికీ పై చదువుకీ ఒకే మెట్లు: షాలిమార్ పరిసరాల సాక్ష్యం

హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరా దక్షిణ భాగంలో, శిబ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న షాలిమార్ తెలుగువారికి ముఖ్యంగా ఒక రైల్వే స్టేషనుగా పరిచయం. హైదరాబాదు వచ్చే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్, చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు అక్కడి నుంచే బయలుదేరుతున్నాయి. ఆ స్టేషను చుట్టుపక్కల పరిసరాలను కాస్త పరికించి చూస్తే మాత్రం మరొక చరిత్ర కనిపిస్తుంది. 1902లో మొదలైన షాలిమార్ పెయింట్స్ రంగుల కర్మాగారం ఈ ప్రాంతం పేరునే పెట్టుకుంది. నదికి అవతలి ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమూ ఓడల నిర్మాణ కేంద్రమూ ఉన్నాయి. ఇవతల, 1787 నాటి బొటానికల్ గార్డెన్ పక్కన, దేశంలోని అతి పాత ఇంజినీరింగ్ కళాశాలల్లో ఒకటి నేటికీ నడుస్తోంది. పని నేర్పే చదువు విద్యార్థిని ఉద్యోగానికి సిద్ధం చేస్తుందా, పై చదువుకు కూడా సిద్ధం చేస్తుందా, లేక ఒకదాన్ని ఇచ్చి రెండోదాన్ని లాగేసుకుంటుందా అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో నూటయాభై ఏళ్లకు చేరువైన సాక్ష్యం ఉంది.

పని నేర్పే చదువు అనగానే మన ఇళ్లలో వినిపించే పేర్లు నాలుగు. పదో తరగతి తర్వాత, కొన్ని ట్రేడ్లలో ఎనిమిదో తరగతి తర్వాతే, ఏడాది నుంచి రెండేళ్లపాటు ఒక వృత్తిని నేర్పేది ఐటీఐ, అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థ. పదో తరగతి మీద మూడేళ్ల డిప్లొమా ఇచ్చేది పాలిటెక్నిక్. ఎంపీసీ, బైపీసీలకు బదులు ఎలక్ట్రికల్ టెక్నీషియన్, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ వంటి సబ్జెక్టులు చెప్పేది వృత్తివిద్యా ఇంటర్మీడియట్. ఇక నాలుగేళ్ల బీటెక్ సంగతి అందరికీ తెలిసిందే. ఈ నాలుగింటిలో చివరిదాన్ని మాత్రమే చదువుగా లెక్కించి, మొదటి మూడింటినీ మార్కులు తక్కువ వచ్చినవారికి మిగిలే చోటుగా చూసే అలవాటు మన సమాజంలో లోతుగా పాతుకుపోయింది. ఆ అలవాటు ఎంత పాతదో, అది ఎలా వచ్చిందో శిబ్‌పూర్ చరిత్ర చెబుతుంది.

1856 నవంబరులో కలకత్తా రైటర్స్ బిల్డింగ్స్‌లో సివిల్ ఇంజినీరింగ్ కళాశాల ఒకటి మొదలైంది. రోడ్లు, కాలువలు, రైలు మార్గాలు వేగంగా పెరుగుతున్న ఆ రోజుల్లో ప్రభుత్వ పనుల శాఖకు మనుషులు కావలసివచ్చారు. కళాశాల పుట్టుకకు అసలు కారణం అదే. కొంతకాలం ప్రెసిడెన్సీ కళాశాలలో ఒక విభాగంగా ఉండి, 1880లో శిబ్‌పూర్‌లోని పాత బిషప్స్ కాలేజీ ఆవరణకు అది తరలింది. 1921లో బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీ అన్న పేరు స్థిరపడింది. 2014 నుంచి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా, ఐఐఈఎస్‌టీ అన్న పేరుతో నడుస్తోంది.

శిబ్‌పూర్‌కు మారిన తొలి దశాబ్దాల్లో ఆ ఒక్క ఆవరణలోనే రెండు విభాగాలు ఉండేవి. ఒకటి ఇంజినీర్లను తయారుచేసేది. అందులో చేరినవారు గణితం, డ్రాయింగు, సర్వే నేర్చుకుని విశ్వవిద్యాలయ పట్టానూ పెద్ద ఉద్యోగాన్నీ ఆశించేవారు. రెండోది అప్రెంటిస్ విభాగం. అందులో చేరినవారు ఎక్కువ కాలం వర్క్‌షాపులో గడిపి ఓవర్సీర్లుగా, ఫోర్‌మన్లుగా బయటికి వచ్చేవారు. ఇద్దరికీ పనిశాల ఉంది, ఇద్దరికీ డ్రాయింగు బల్ల ఉంది, కానీ ఒక విభాగం నుంచి రెండోదానికి వెళ్లే దారి సామాన్య విద్యార్థికి అందుబాటులో ఉండేది కాదు. ఆజ్ఞ ఇచ్చేవాడు, ఆ ఆజ్ఞను అమలు చేయించేవాడు, చేతులతో చేసేవాడు అని వలస ప్రభుత్వపు పనుల శాఖ మనుషులను మూడు వరుసలుగా విడదీసింది. కళాశాల ఆ వరుసలనే తన తరగతి గదుల్లోకి తెచ్చుకుంది. ఈనాటికీ ఐటీఐ కుర్రాడు, డిప్లొమా కుర్రాడు, ఇంజినీరు ఒకే యంత్రం ముందు నిలబడినా ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేకపోవడానికి మూలం ఆ ఏర్పాటులోనే ఉందనిపిస్తుంది.

ఆ ఏర్పాటును ప్రశ్నించిన తొలి పెద్ద ప్రయత్నం కూడా బెంగాల్లోనే జరిగింది. 1905 నాటి బెంగాల్ విభజనకు నిరసనగా సాగిన స్వదేశీ ఉద్యమంలో, ప్రభుత్వ విద్యకు బదులు మన చదువు మనమే చెప్పుకోవాలన్న సంకల్పం బలపడి, 1906లో జాతీయ విద్యామండలి ఏర్పడింది. వెంటనే ఒక తగవు వచ్చింది. సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, చేతిపని అన్నీ కలిపి చెప్పాలన్నది ఒక వర్గం వాదం. ముందు పరిశ్రమలకు పనికివచ్చే సాంకేతిక విద్య చెప్పాలి, మిగిలినవి తర్వాత చూడవచ్చునన్నది తారకనాథ్ పాలిత్ వంటివారున్న రెండో వర్గం వాదం. ఫలితంగా ఆ ఏడాదే రెండు సంస్థలు పుట్టాయి: అరవిందులు తొలి ప్రిన్సిపాల్‌గా బెంగాల్ నేషనల్ కాలేజీ, దానికి పోటీగా బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. 1910లో రెండు వర్గాలూ ఒకటయ్యాయి. కాలక్రమంలో జాతీయ కళాశాల సన్నగిల్లింది. సాంకేతిక సంస్థ నిలిచి, పెరిగి, 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంగా రూపుదాల్చింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పనికోసమే పెట్టిన సంస్థ విశ్వవిద్యాలయం దాకా ఎదిగింది, సాహిత్యాన్నీ చరిత్రనూ కూడా తనలో కలుపుకుంది. పని నేర్పే చదువు పైచదువుకు శత్రువన్న భయానికి ఇంతకు మించిన జవాబు బెంగాల్ చరిత్రలో మరొకటి కనిపించదు.

ఆ గాలి ఆంధ్ర తీరానికి కూడా వీచింది. 1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, మచిలీపట్నం వంటి పట్టణాల్లో చేసిన ఉపన్యాసాలు జాతీయ విద్య అన్న భావనను తెలుగువారికి దగ్గర చేశాయి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. అక్కడ పుస్తకాల చదువుతో పాటు వడ్రంగం, నేత వంటి పనులు నేర్పేవారు. తర్వాతి కాలంలో బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ చెప్పగా, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నారు. వడ్రంగి పని నేర్పే చోటే చిత్రకారుడు, నవలాకారుడు తయారుకావడం ఆ కళాశాల స్థాపకులకు వింతగా తోచి ఉండదు. అవి విడివిడి లోకాలని వారు ఒప్పుకోలేదు గనుక. ప్రభుత్వ గుర్తింపు లేని పట్టాకు ఉద్యోగాల బజారులో విలువ లేకపోవడం అటువంటి సంస్థల ఎదుగుదలకు అడ్డుపడింది. చదువు ఎంత మంచిదైనా దాని చివర దొరికే కాగితాన్ని మరొక సంస్థ ఒప్పుకోకపోతే విద్యార్థి చిక్కుకుపోతాడు. ఈ సమస్య మళ్లీ ముందుకు వస్తుంది.

షాలిమార్ నుంచి నైరుతి దిశగా సాగే రైలు మార్గం ఖరగ్‌పూర్ చేరుతుంది. పూర్వపు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ పెట్టిన పెద్ద వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఆ పట్టణంలో, ఉత్తరాంధ్ర నుంచీ గంజాం నుంచీ రైల్వే పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. తండ్రి ఫిట్టర్, కొడుకు ఫిట్టర్, మనవడు వెల్డర్ అన్న వరుస ఆ రైల్వే కాలనీలలో కొత్త కాదు. 1951లో అదే ఊళ్లో, హిజ్లీ నిర్బంధ శిబిరం ఆవరణలో, దేశపు మొదటి ఐఐటీ ప్రారంభమైంది. ఒకే పట్టణంలో ఒకపక్క బోగీల చక్రాలను చెవితో విని లోపం పట్టే పనివారు, మరోపక్క లోహాల అలసటను సమీకరణాలతో లెక్కగట్టే ఆచార్యులు. వర్క్‌షాపు గేటు నుంచి ఐఐటీ గేటుకు దూరం కొద్ది కిలోమీటర్లే అయినా, చదువుల లెక్కలో ఆ దూరాన్ని దాటడం ఒక తరంలో అయ్యే పని కాదని ఎన్నో కుటుంబాల అనుభవం. ఈ దూరాన్ని తగ్గించడమే సాంకేతిక విద్యకు అసలు పరీక్ష.

దూరం తగ్గించగల శక్తి ఆ చదువుకు నిజంగా ఉందా అంటే, ఫిట్టర్ ట్రేడు తరగతిలో జరిగే ఒక్క పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. రెండేళ్ల ఈ కోర్సులో చేరిన విద్యార్థి మొదట ఇనుప ముక్కను బెంచ్ వైస్‌లో బిగించి ఆకురాయితో చదును చేయడం, ట్రై స్క్వేర్‌తో మూల సరిచూడడం నేర్చుకుంటాడు. చేతులు బొబ్బలెక్కే ఈ దశ కొన్ని వారాలు సాగుతుంది. ఆ తర్వాత ఒక రంధ్రంలో ఒక షాఫ్టు సాఫీగా తిరిగేలా అమర్చే పని వస్తుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అన్న గుర్తు ఉంటే, దాని కొలత 25.000 నుంచి 25.021 మి.మీ. మధ్య ఉండాలి, అందులో తిరిగే షాఫ్టుకు జి6 అని ఉంటే 24.980 నుంచి 24.993 మధ్య ఉండాలి. అంటే రెంటి మధ్య ఖాళీ అతి తక్కువగా 0.007, అతి ఎక్కువగా 0.041 మి.మీ. మాత్రమే. 0.02 వరకే కొలిచే వెర్నియర్ కాలిపర్ ఇక్కడ సరిపోదని, మైక్రోమీటరు, దానికి తోడు ‘దూరాలి, దూరకూడదు’ అని తేల్చిచెప్పే గో, నో-గో గేజీలు కావాలని అప్పుడు విద్యార్థికి తెలిసివస్తుంది. ఎండాకాలంలో షెడ్డులో వేడి పది డిగ్రీలు పెరిగితే 25 మి.మీ. ఉక్కు దాదాపు 0.003 మి.మీ. సాగుతుందని, అందుకే కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్‌కు నిర్ణయించారని బోధకుడు చెబితే, పదో తరగతిలో బట్టీపట్టిన వ్యాకోచ గుణకం ఒక్కసారిగా చేతికి తగులుతుంది. బీటెక్ మెకానికల్ విద్యార్థి చదివే కొలతల పట్టికలు సరిగ్గా ఇవే. ఒకడు పట్టికలోంచి వస్తువు దగ్గరికి వస్తాడు, మరొకడు వస్తువు నుంచి పట్టిక దగ్గరికి వెళతాడు.

ఐటీఐ పాఠ్యక్రమంలో ట్రేడ్ ప్రాక్టికల్, ట్రేడ్ థియరీతో పాటు వర్క్‌షాప్ లెక్కలు, విజ్ఞానశాస్త్రం, ఇంజినీరింగ్ డ్రాయింగ్, ఉపాధి నైపుణ్యాలు కూడా ఉండడానికి కారణం ఇదే. ఈ శిక్షణ పథకం 1950 నుంచి దేశవ్యాప్తంగా నడుస్తోంది. పరీక్ష నెగ్గినవారికి వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. అయితే లెక్కలు, డ్రాయింగు బాగా చెప్పే సంస్థ నుంచి వచ్చినవాడు పైచదువుకు నిలుస్తాడు. వాటిని మొక్కుబడిగా ముగించిన సంస్థ నుంచి వచ్చినవాడు పని ఎంత బాగా చేసినా అక్కడే ఆగిపోతాడు. తల్లిదండ్రులు సాధారణంగా యంత్రాలను చూసి సంస్థను ఎంచుకుంటారు. లెక్కల బోధకుణ్ణి చూసి ఎంచుకోవడం అంతకంటె తెలివైన పని.

తరగతి గది తర్వాతి మెట్టు అప్రెంటిస్‌షిప్, అంటే జీతానికి బదులు స్టైపెండు తీసుకుంటూ నిజమైన పనిశాలలో పని నేర్చుకోవడం. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం దీనికి ఆధారం. 2019 నియమాల ప్రకారం ముప్ఫై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవలసి ఉంది; స్టైపెండు విద్యార్హతను బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలుగా ఆ నియమాల్లో నిర్ణయించారు. ఆగ్నేయ రైల్వే గార్డెన్ రీచ్ నుంచి ప్రకటన ఇచ్చి, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మొదలుకొని అనేక షెడ్లకు పదో తరగతి మార్కుల ఆధారంగా ఐటీఐ పూర్తిచేసిన యువకులను ఇలాగే ఎంపిక చేసుకుంటుంది. రైల్వేలో అప్రెంటిస్‌గా శిక్షణ పొందినవారికి ఆ తర్వాత లెవెల్-1 ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. హౌరాలో బెలిలియస్ రోడ్డు వెంట ఒకదానికొకటి ఆనుకుని ఉండే చిన్న చిన్న లేత్ షాపుల్లో, ఇనుము పోత పోసే ఫౌండ్రీల్లో మాత్రం చట్టం చెప్పే అప్రెంటిస్‌లకంటె, పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో పనిలో కుదిరి చూసి నేర్చుకునే పిల్లలే తరతరాలుగా ఎక్కువ. వారి పనితనం గొప్పది. దాన్ని ధ్రువీకరించే కాగితం మాత్రం వారికి లేదు. మచిలీపట్నం జాతీయ కళాశాల విద్యార్థికి ఎదురైన చిక్కే ఇది, మరింత పేద ఇంటికి వచ్చి చేరింది.

ఇప్పుడు పైకి వెళ్లే దారి సంగతి. సాంకేతిక విద్యలో ఒక కోర్సు నుంచి పై కోర్సు రెండో సంవత్సరంలోకి నేరుగా చేరడాన్ని లాటరల్ ఎంట్రీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐటీఐ పూర్తిచేసినవారు గణితం, విజ్ఞానశాస్త్రాల్లో బ్రిడ్జి కోర్సు నెగ్గి డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు. బెంగాల్లో వోక్‌లెట్ అన్న పేరుతో వచ్చిన మార్గం కూడా ఇటువంటిదే. డిప్లొమా అయినవారు తెలుగు రాష్ట్రాల్లో ఈసెట్, బెంగాల్లో జెలెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. వృత్తివిద్యా ఇంటర్ చదివినవారు కూడా సంబంధిత సబ్జెక్టుల బ్రిడ్జి పరీక్షలు రాస్తే డిగ్రీ, ఇంజినీరింగ్ తలుపులు తెరుచుకుంటాయి. ఎనిమిదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారికి పదో తరగతి, పదో తరగతి తర్వాత చేసినవారికి పన్నెండో తరగతి సమానత జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా భాషా పరీక్ష వంటివి రాసి పొందే ఏర్పాటు 2016లో కుదిరింది. ఇన్ని మెట్లున్నాయని చాలా ఇళ్లలో తెలియకపోవడం దురదృష్టకరం. కూతురు ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరతానంటే ఇక చదువు అయిపోయినట్టేనని కంటతడి పెట్టే తల్లి ఒక్క ఊళ్లో కాదు, అన్ని ఊళ్లలోనూ ఉంది.

మెట్లు కాగితం మీద ఉండడం వేరు, ఎక్కగలగడం వేరు. ఐటీఐ నుంచి డిప్లొమా రెండో ఏడాదిలోకి వచ్చిన విద్యార్థి తోటివారు మొదటి ఏడాదిలో చదివిన గణితాన్ని, ఇంగ్లిషు పుస్తకాన్ని ఒక్కసారి అందుకోవలసి వస్తుంది. డిప్లొమా నుంచి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లినవారికి కూడా అవకలన సమీకరణాల దగ్గర ఇదే ఇబ్బంది. వర్క్‌షాపులో అందరికంటె ముందుండే వీరు గణితం పరీక్షలో మాత్రం వెనుకబడతారు, చూసేవారు దాన్ని తెలివితక్కువతనంగా అపార్థం చేసుకుంటారు. ఆ ఒక్క లోటును పూరించే వేసవి తరగతులు, మాతృభాషలో వివరించే బోధకులు ఉంటే చాలామంది నిలదొక్కుకుంటారు. ఈ విషయంలో సంస్థలు చూపుతున్న ఉదాసీనత క్షమించరానిది; ఎక్కమని పిలిచి మధ్యలో మెట్టు తీసేయడంతో సమానం.

విధానాల స్థాయిలో మాటలు మారుతున్నాయి. పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనా ప్రకారం 19 నుంచి 24 ఏళ్ల వయసున్న భారతీయ శ్రామికుల్లో వ్యవస్థీకృత వృత్తివిద్య పొందినవారు ఐదు శాతం లోపే. అదే లెక్క అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమని 2020 నాటి జాతీయ విద్యావిధానం పేర్కొంది. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలని, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి స్థానిక నిపుణుల దగ్గర గడపాలని ఆ విధానం సూచించింది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం తరగతి గదిలో గడిపిన గంటలనూ, వర్క్‌షాపులో గడిపిన గంటలనూ ఒకే కొలమానంతో లెక్కించి, ఏడాదికి 1,200 గంటలకు 40 క్రెడిట్లు ఇస్తారు. క్రెడిట్ అంటే నేర్చుకున్నదానికి విద్యార్థి పేరిట జమ అయ్యే గుర్తింపు. ఒక సంస్థలో జమ అయినదాన్ని మరొక సంస్థ ఒప్పుకోవాలన్నది ఉద్దేశం. ఫౌండ్రీ కార్మికుడికి కాగితం లేని బాధకు ఇందులో మందు ఉండవచ్చు, విశ్వవిద్యాలయాలు మనసుపెట్టి అమలు చేస్తే.

ఇతర దేశాల అనుభవం కొంత తోడ్పడుతుంది. జర్మనీలో వృత్తి శిక్షణలో చేరిన యువకులు వారంలో కొన్ని రోజులు సంస్థలో, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలలో గడుపుతారు. సంస్థలు శిక్షణను తమ బాధ్యతగా భావించడం అక్కడి బలం, పిల్లల దారిని చిన్న వయసులోనే విడదీయడం అక్కడి బలహీనత. అమెరికాలో 1917 చట్టంతో మొదలైన వృత్తివిద్యను 2006 నాటి పెర్కిన్స్ చట్టం ‘కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్’గా పేరు మార్చి, హైస్కూలు కోర్సును కళాశాల కోర్సుతో ముడిపెట్టే పద్ధతులను ప్రోత్సహించింది. మన దగ్గరికి వస్తే, తెలంగాణలో 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. కంప్యూటరుతో నడిచే లేత్‌లు, రోబోలు మంచివే కానీ, పక్కన బోధకుల ఖాళీలు పూడకపోతే అవి దుప్పటి కప్పుకుని కూర్చుంటాయి. తెలుగు రాష్ట్రాల పాలిటెక్నిక్‌లలో డిప్లొమా మూడో ఏడాదిలో ఆరు నెలలు పరిశ్రమలో శిక్షణ పెట్టడం అంతకంటె చవకైన, అంతకంటె ఫలవంతమైన మార్పు. శిక్షణకు వెళ్లిన చోట ఫైళ్లు మోయించకుండా యంత్రం ముందు నిలబెట్టేలా చూడవలసిన పూచీ మాత్రం కళాశాలదే.

హౌరా, ఖరగ్‌పూర్ పరిసరాల తెలుగు కుటుంబాలకు ఇందులో ఒక అదనపు చిక్కు ఉంది. ఐటీఐ సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లినా, లాటరల్ ఎంట్రీ పరీక్షలు మాత్రం రాష్ట్రాలవి. వాటికి ఆయా రాష్ట్రాల నివాస, స్థానికత నియమాలు ఉంటాయి. బెంగాల్లో ఐటీఐ చదివి శ్రీకాకుళంలోనో విశాఖలోనో బంధువుల ఇంట ఉండి డిప్లొమా చేద్దామనుకునే విద్యార్థి, తాను ఏ రాష్ట్రపు స్థానికుడిగా లెక్కకు వస్తాడో పదో తరగతిలో ఉండగానే తెలుసుకోవాలి. ఐటీఐలో చేరేముందు దానికి కేంద్ర గుర్తింపు ఉందో లేదో, తాను ఎంచుకున్న ట్రేడు నుంచి డిప్లొమాలోని ఏ బ్రాంచికి వెళ్లవచ్చో కూడా అడగాలి. ఎలక్ట్రీషియన్‌కు ఎలక్ట్రికల్, ఫిట్టర్‌కు మెకానికల్ అన్నంత సూటిగా అన్ని ట్రేడ్లకూ దారి ఉండదు. ఈ మాటలు చెప్పే మనిషి చాలా పాఠశాలల్లో లేడు. షాలిమార్ స్టేషనులో బండి దిగి, ఫైలు పట్టుకుని ఒక్కో కార్యాలయం మెట్లెక్కే కుర్రవాళ్లకు ఆ సమాచారం ముందే చేరాలంటే, తెలుగు సంఘాలు పండగ సభలతో పాటు పదో తరగతి ఫలితాల వారంలో ఒక సలహా బల్ల కూడా పెట్టవచ్చు. దానికి ఖర్చు కొన్ని కుర్చీలు, రెండు రాష్ట్రాల ప్రవేశ నియమాలు చదివిన ఒక మనిషి.